త్రీ ఫేజ్ ఇంటికి సింగిల్ ఫేజ్ సోలార్ ఇన్వర్టర్: మిగతా రెండు ఫేజుల సంగతేంటి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది త్రీ ఫేజ్ సర్వీసు. రెండు నెలల క్రితం మేడ మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాం. ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె) సింగిల్ ఫేజ్‌ది, దాన్ని సర్వీసులోని మూడు ఫేజుల్లో (ఆర్, వై, బి) ఆర్ ఫేజ్‌కి కలిపారు. కింద మేముండే వాటాలో లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆ ఫేజ్ మీదే. పైన అమ్మానాన్నల వాటా మొత్తం, గీజరుతో సహా, వై ఫేజ్ మీద. వంటగది, వాషింగ్ మెషీన్ బి ఫేజ్ మీద.

మంచి ఎండలో ఇన్వర్టర్ రెండున్నర కిలోవాట్లు చూపిస్తుంది. ఆ టైములో ఆర్ ఫేజ్ మీద మా వాడకం నాలుగైదు వందల వాట్లు దాటదు. అప్పుడు పైన గీజరు వేస్తే ఆ కరెంటు మా ప్యానెళ్లదేనా, లేక బయట నుంచి కొన్నట్టా? “ప్యానెళ్ల కరెంటు మీ వాటాకే కదా వస్తుంది, మా గీజరుతో బిల్లు పెరుగుతుంది” అని నాన్న చన్నీళ్లు పోసుకుంటున్నారు. డెబ్బై దాటిన మనిషి. అందుకే ఇది నాకు పెద్ద టెన్షన్ అయిపోయింది.

తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయన ఇంటి లోడంతా ఆర్ ఫేజ్ మీదకే మార్చేద్దామంటున్నారు. ఇంకొకాయన ఇన్వర్టర్ నుంచి వై ఫేజ్‌కి కూడా ఒక వైరు లాగితే చాలన్నారు. ఏది చెయ్యమంటారు? ఇంకొకటి, మిట్టమధ్యాహ్నం ఇన్వర్టర్ ‘ఓల్టేజ్ ఎక్కువ’ అని చూపించి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ మొదలవుతోంది.

జవాబు 1

ముందు ఆ రెండో వైరు మాట మానుకోండి. ఏ ఫేజ్‌కైనా న్యూట్రల్‌కీ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మధ్య 230 ఓల్టులుంటే, ఆర్‌కీ వైకీ మధ్య దాదాపు 400 ఉంటాయి. ఒకే వైరుతో ఆ రెండు ఫేజుల్నీ కలిపితే నేరుగా షార్ట్ సర్క్యూటే. బ్రేకర్ పడిపోతే అదృష్టం. దయచేసి ఆయన్ని ఆ బోర్డు ముట్టుకోనివ్వకండి.

జవాబు 2

లోడంతా ఆర్ మీదకి తేవడం కూడా మంచిది కాదండీ. సాయంత్రం ప్యానెళ్లు ఆగిపోయాక ఇల్లంతా ఒక్క ఫేజ్ మీద, ఒక్క న్యూట్రల్ మీద పడుతుంది. లోడు మూడు ఫేజుల మీద సమానంగా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు చాలావరకు ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. ఒకే ఫేజ్ మీద పెడితే ఆ సౌకర్యం పోతుంది. మీ మెయిన్ వైరు, మెయిన్ స్విచ్ అంత లోడుకి వేసినవి కాకపోవచ్చు.

ఇక అసలు ప్రశ్న. ఆర్ ఫేజ్‌లో మిగిలిన కరెంటు ఇంట్లోనే వై ఫేజ్‌లోకి దూకదు. అది లైనులోకి వెళ్లి, అదే ఫేజ్ మీదున్న పక్కిళ్లలో ఖర్చయిపోతుంది. మీ గీజరుకు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వై ఫేజ్ ద్వారా వస్తుంది. తీగల్లో జరిగేది ఇదే. కానీ బిల్లును తేల్చేది తీగ కాదు, మీటరు. కొన్ని మీటర్లు ఏ క్షణానికా క్షణం మూడు ఫేజుల్నీ కలిపి కూడిక తీసివేత చేస్తాయి. ఆర్‌లో రెండు కిలోవాట్లు బయటికి, వైలో రెండు లోపలికి అయితే మొత్తం సున్నా. మరికొన్ని ఏ ఫేజ్‌కా ఫేజ్ విడిగా లెక్కేస్తాయి. అప్పుడు ఇంపోర్ట్ (లైను నుంచి తీసుకున్నది), ఎక్స్‌పోర్ట్ (లైనులోకి పంపింది) రెండంకెలూ ఒకేసారి పెరుగుతాయి. విడిగా లెక్కేసినా, బయటికి పంపిన యూనిట్‌కి వాడుకున్న యూనిట్ చెల్లుకి చెల్లు అయ్యే పద్ధతైతే బిల్లు మారదు. పంపిన యూనిట్‌కి తక్కువ ధర కట్టిస్తుంటేనే నష్టం.

మీది ఏ రకమో మీరే చూసుకోవచ్చు. ఆకాశం తేటగా ఉన్న పూట బి ఫేజ్ మీద అన్నీ ఆపేయండి. వై ఫేజ్ మీద దాదాపు రెండు కిలోవాట్ల లోడు అరగంట నడపండి. గీజరైతే నీళ్లు వేడెక్కగానే దానంతటదే ఆగిపోతుంది, అందుకని ఇండక్షన్ పొయ్యి మీద పెద్ద గిన్నెడు నీళ్లు పెట్టండి. ముందూ వెనకా మీటరు మీద రెండంకెలూ రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. ఇవాళ పదిన్నరకి చేశాను. ఇన్వర్టర్ 2.4 దగ్గర నిలకడగా ఉంది, ఆర్ ఫేజ్ మీద మా వాడకం 0.4. పొయ్యి పైకి తీసుకెళ్లి 1.8 కిలోవాట్ల మీద పెట్టాను. మీటరు తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి కదా, ఇంపోర్ట్ వచ్చేదాకా ఆగి ఫోన్‌తో ఫొటో తీశాను. అరగంట తర్వాత ఇంపోర్ట్ 1482.6 దగ్గరే ఉంది, కదల్లేదు. ఎక్స్‌పోర్ట్ 0.1 పెరిగింది. అంటే కలిపి లెక్కేసే మీటరే కదా?

జవాబు 2

అవునండీ. విడిగా లెక్కేసేదైతే ఎక్స్‌పోర్ట్ ఒక యూనిట్, ఇంపోర్ట్ 0.9 పెరిగేవి.

జవాబు 3

ఓల్టేజ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఇన్వర్టర్ కరెంటును బయటికి నెట్టాలంటే లైను కన్నా కాస్త ఎక్కువ ఓల్టేజ్ పుట్టించాలి. మధ్యలో వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే ఇంకా ఎక్కువ. 230 ఓల్టుల లైనుకు పది శాతం పైన, అంటే 253 దగ్గర చాలా ఇన్వర్టర్లు ఆగిపోతాయి. పూర్తి ఎండలో ఇన్వర్టర్ చివర ఒకసారి, మీటరు వైపు ఒకసారి ఓల్టేజ్ కొలిపించండి. తేడా ఎక్కువుంటే తప్పు మీ వైరుది. మీటరు దగ్గరే 250 దాటుతుంటే లైను వాళ్లకి చెప్పాలి, లేదా అనుమతి తీసుకుని ఓల్టేజ్ తక్కువున్న ఫేజ్‌కి ఇన్వర్టర్‌ని మార్చాలి.

కొత్తగా పెట్టించేవాళ్లకి ఒక మాట. అదే పవర్‌ని త్రీ ఫేజ్ ఇన్వర్టర్ మూడు తీగల్లో పంచుతుంది, న్యూట్రల్‌లో కరెంటు దాదాపు ఉండదు. అదే మందం వైరు మీద ఓల్టేజ్ పెరుగుదల ఆరో వంతుకి పడిపోతుంది. అయితే మామూలుగా ఒక్క ఫేజ్ పోయినా అది మొత్తం ఆగిపోతుంది. సింగిల్ ఫేజ్‌ది తన ఫేజ్ ఉంటే చాలు, నడుస్తుంది. ప్యానెళ్లు మరీ తక్కువైతే కొన్ని త్రీ ఫేజ్ ఇన్వర్టర్లకు కావలసిన డీసీ ఓల్టేజ్ కూడా అందదు.

ప్రశ్న అడిగినవారు

కొలిపించాను. 12 యాంపులు వెళ్తుండగా మీటరు దగ్గర 248, ఇన్వర్టర్ దగ్గర 253. మేడ మీద నుంచి బోర్డు దాకా 30 మీటర్లు, వేసింది 2.5 స్క్వేర్ ఎంఎం వైరు! ఐదు ఓల్టులు, 12 యాంపులు, అంటే 60 వాట్లు ఊరికే వైరు వేడెక్కడానికే పోతున్నాయి. 6 స్క్వేర్ ఎంఎం వైరుకి మార్పించాక తేడా రెండు ఓల్టుల చిల్లర. ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా ఆగలేదు.

నాన్నని మీటరు దగ్గరికి తీసుకెళ్లి ముందు ఫొటో, తర్వాత ఫొటో పక్కపక్కన పెట్టి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండు అంకెలూ పైకి చదివారు. ఈరోజు పదకొండింటికి తనే గీజరు వేసుకున్నారు.