సమాధి అనుభవం మనిషిని మంచివాణ్ని చేస్తుందా?

తూర్పుగట్టు:
ధ్యానంలో ‘నేను’ కరిగిపోతే హాని తలపెట్టేవాడే మిగలడని సత్సంగాల్లో తరచు వింటాం. అలా నమ్మేవారు జపాన్ జెన్ (ధ్యానప్రధాన బౌద్ధం) గురువు హరదా దైఉన్ సొగాకు (1871–1961) గురించి ఏమంటారు? జెన్‌లోని సోతో, రింజాయ్ శాఖల పద్ధతులు రెండింటిలోనూ సాధన చేసిన దిట్ట ఆయన. అమెరికాలో జెన్ నేర్పిన పలువురు ఆయన శిష్యపరంపర వారే. 1939లో ఆయన రాసినదాని సారాంశం ఇది: నడవమంటే టకటకా నడవడం, కాల్చమంటే ఢాంఢామ్మని కాల్చడం, పరమజ్ఞానం వ్యక్తమయ్యేది ఇందులోనే. అప్పటికి చైనాలోని నాన్‌జింగ్‌లో జపాన్ సైన్యం మారణకాండ జరిపి ఏడాది దాటింది.

మౌనసాధకుడు:
అయ్యా, అది ఏకాగ్రత మాత్రమే, జ్ఞానం కాదు. నిజంగా అద్వైతస్థితి అందినవాడికి చైనా రైతు పరాయివాడుగా కనిపించడు.

తూర్పుగట్టు:
మంచి చేస్తే జ్ఞాని, చెడు చేస్తే జ్ఞాని కాడు! రుజువు చేయవలసిన సంగతిని నిర్వచనంలోనే దాచేస్తే ఇక చర్చ దేనికండీ? హరదా బోధించిన రోజున, ఎదుట కూర్చున్న శిష్యుడు ఆయన జ్ఞాని కాడని ఏ గుర్తును బట్టి పోల్చుకోవాలి?

లెక్కలమాస్టారు:
గురువులను పక్కన పెట్టి మామూలు మనుషులను చూద్దాం. 2013లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. ఎనిమిది వారాలు ధ్యానం నేర్చుకున్నవారిని ఒక్కొక్కరినే వేచి ఉండే గదిలో కూర్చోబెట్టారు. కుర్చీలన్నీ నిండాక చంకకర్రలతో ఒకామె వచ్చింది. ధ్యానం చేసినవారిలో 50 శాతం లేచి చోటిచ్చారు, చేయనివారిలో 16 శాతం. చూడటానికి బాగుంది, కానీ అందరూ కలిసి నలభై మంది కూడా లేరు. 2018లో ఇలాంటి అధ్యయనాలను కలిపి లెక్కించినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ధ్యానం నేర్పిన గురువే పరిశోధన వ్యాసానికి సహరచయిత అయినచోట మాత్రమే కరుణ పెరిగినట్లు తేలింది! దూకుడు, పక్షపాతం తగ్గిన దాఖలా లేదు.

మౌనసాధకుడు:
ఎనిమిది వారాల శిక్షణను సమాధితో పోలుస్తారా? ఈతకొలనులో మునిగి సముద్రం లోతు చెప్పినట్లుంది.

లెక్కలమాస్టారు:
పోల్చడం లేదు. తక్కువ మోతాదులో ఏ దిశగా పనిచేస్తోందో చూస్తున్నాను. 2022 నాటి ప్రయోగాలు మరీ ఇబ్బందికరం. శ్వాస మీద ధ్యాస నిలిపినప్పుడు తప్పు చేసిన బాధ తగ్గుతోంది, దానితోపాటు దిద్దుకోవాలన్న కోరికా తగ్గుతోంది. అదే మైత్రీభావన, అంటే ఇతరుల మేలు కోరే ధ్యానం, చేయిస్తే దిద్దుకోవాలన్న కోరిక అలా సన్నగిల్లలేదు. కాబట్టి తేడా స్థితి ఎత్తులో లేదు, మనసును దేనివైపు తిప్పామన్నదానిలో ఉంది.

వేపచెట్టు:
పాతవాళ్లకు ఈ సంగతి తెలుసు. పతంజలి అష్టాంగాల్లో మొదటిది యమం, అందులో మొదటిది అహింస, సమాధి ఎనిమిదోది. సమాధి దానంతటదే అహింసను తెచ్చేదైతే ఈ వరుస ఎందుకు? బౌద్ధులు బుద్ధుడి శిష్యుడైన దేవదత్తుణ్ని చూపిస్తారు. ధ్యానంతో సిద్ధులు సంపాదించి కూడా బుద్ధుడి మీదికి బండ దొర్లించాడు. మన దుర్వాసుడి సంగతి సరేసరి.

తూర్పుగట్టు:
నా అనుమానమూ అదే. ‘నేను’ పలచబడినప్పుడు ఖాళీ మిగలదు, చుట్టూ ఉన్న సంఘం వచ్చి కూర్చుంటుంది. అది మంచిదైతే కరుణ. చక్రవర్తిని దేవుడిగా కొలిచేదైతే తుపాకీ. పైగా సందేహం అనే బ్రేకు కూడా పోతుంది.

మౌనసాధకుడు:
మరి ఆ యుద్ధకాలపు రాతలను 1997లో పుస్తకంగా బయటపెట్టిన బ్రయన్ విక్టోరియా ఎవరు? సోతో శాఖ సన్యాసి, అదే సాధన చేసినవాడు. సోతో శాఖ 1992లోనే పశ్చాత్తాప ప్రకటన చేసింది. మీరు ఒక వైపే చూపిస్తున్నారు.

తూర్పుగట్టు:
మంచి ఉదాహరణే. అయితే వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే పనులు మానుకోమని 1970లో ఆయనను మందలించింది ఎవరో కూడా చెప్పండి: ఆ శాఖ గురువే.