డైవ్ కంప్యూటర్ ఉన్నాక చేతికి వాచీ ఎందుకు?

తీరంగాలి:
వచ్చే నెల అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో (పాత హేవ్‌లాక్) స్కూబా ఓపెన్ వాటర్ కోర్సు చేయబోతున్నాను. దిగేది 18 మీటర్ల లోపే. నా దగ్గర 50 మీటర్లు అని రాసి ఉన్న వాచీ ఉంది, అది చాలదా? చాలదు, 200 మీటర్లది కొనమని అన్నయ్య అంటున్నాడు. లోతు, సమయం లెక్కగట్టే డైవ్ కంప్యూటర్ అద్దెకు ఇస్తారు కాబట్టి వాచీయే దండగని స్నేహితులు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

నీలిలోతు:
స్నేహితుల మాట వినండి. ఫిఫ్టీ ఫాథమ్స్, సబ్‌మెరీనర్ వంటి డైవింగ్ వాచీలు 1953 ప్రాంతంలో వచ్చినప్పుడు డైవర్‌కు వేరే దారి లేదు. దిగిన నిమిషం గుర్తు పెట్టుకుని, ఎంత లోతులో ఎంతసేపు ఉండవచ్చో చెప్పే పట్టిక ప్రకారం పైకి రావాల్సిందే. ఇప్పుడు ఎంత లోతులో ఉన్నాం, ఎంతసేపయింది, ఇంకెంతసేపు ఉండవచ్చు, ఎంత వేగంగా పైకి వస్తున్నాం అన్నీ కంప్యూటర్ చెబుతుంది. వాచీకి లోతు తెలియదు. లోతుకు వెళ్లేకొద్దీ పీల్చే గాలిలోని నత్రజని ఒంట్లో ఎక్కువ చేరుతుంది, వేగంగా పైకి వస్తే బుడగలై ప్రమాదం తెస్తుంది. లోతు తెలియని దానికి ఆ లెక్క ఎలా అందుతుంది? ఈ రోజుల్లో డైవింగ్ వాచీ ఒక నగ. పెట్టుకోండి, తప్పు లేదు. దాన్ని పరికరం అనడమే నాకు అభ్యంతరం.

రుషికొండ తీరం:
ముందు ఆ 50 మీటర్ల వాచీ సంగతి. దాంతో దిగకండి. అయితే దానికి చాలామంది చెప్పే కారణం నిజం కాదు. చెయ్యి కదిలిస్తే ఒత్తిడి పెరిగి నీళ్లు లోపలికి వెళతాయని అంటారు. లెక్క వేయండి. సెకనుకు 2 మీటర్ల వేగంతో చెయ్యి విసిరినా అదనంగా పడే ఒత్తిడి 20 సెంటీమీటర్ల లోతుకు సమానం, అంతే. 18 మీటర్ల దగ్గర నీరు కలిపే ఒత్తిడి సుమారు 1.8 వాతావరణాలు (ఒక వాతావరణం అంటే దాదాపు 10 మీటర్ల నీటి ఒత్తిడి). 50 మీటర్ల వాచీ కాగితం మీద ఐదు వాతావరణాలను తట్టుకోవాలి.

మరి భయం దేనికి? ఆ అంకె కొత్త వాచీది. లోపలి రబ్బరు రింగులు చెమటకు, సబ్బుకు, ఎండకు గట్టిపడి పట్టు వదులుతాయి. వాచీ కీ స్క్రూలాగా తిప్పి బిగించేది కాక ఉత్తినే లోపలికి నొక్కుకునే రకమైతే, అది కాస్త బయటికి జరిగినా చాలు. పైగా ఆ తరగతిలో కొన్ని వాచీలను ఏరి పరీక్షిస్తే సరిపోతుంది. డైవింగ్ వాచీల ప్రమాణం ఐఎస్ఓ 6425 అలా ఊరుకోదు. కనీసం 100 మీటర్లు ఉండాలి, రాసిన లోతుకు 25 శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టాలి, ప్రతి వాచీనీ పరీక్షించాలి. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి సమయం కనబడాలి. ‘డైవర్స్ 200 మీ.’ అన్న రాత ఆ ప్రమాణానిది. మీ అన్నయ్య సరిగ్గానే చెప్పారు.

ఇక నగ అన్న మాటకు నేను ఒప్పుకోను. అద్దం చుట్టూ తిరిగే ఆ వలయాన్ని, అదే బెజెల్‌ను చూడండి. దిగేటప్పుడు దాని గుర్తును నిమిషాల ముల్లు ఎదుటికి తెచ్చుకుంటే ఎంతసేపయిందో చెబుతుంది. ఒక్క వైపే తిరుగుతుంది. సిలిండర్‌కో రాతికో తగిలి జరిగినా గడిచిన సమయం ఎక్కువ చూపిస్తుందే తప్ప తక్కువ చూపించదు. తప్పు జరిగినా మనిషిని ముందుగా పైకి పంపే వైపే జరుగుతుంది. ప్రాణం గురించి అంత ఆలోచించి చేసిన వస్తువును నగ అనడం నాకు బాధగా ఉంది.

నీలిలోతు:
పనితనం గొప్పదే, కాదనను. ఇప్పుడు దాని అవసరం ఏమిటన్నదే ప్రశ్న. కంప్యూటర్ నీళ్లలో ఆగిపోతే డైవ్ ముగించి పైకి రావాలి. నిమిషానికి 9 మీటర్లు మించకుండా రావాలంటే లోతు తెలియాలి, అది వాచీ చెప్పదు. రోజులో రెండో డైవ్‌లో ఆగిపోతే పొద్దుటి నత్రజని లెక్క కూడా దానితోనే పోతుంది. రెండో కంప్యూటర్ పెట్టుకుంటే ఆ లెక్క మిగులుతుంది. యాపిల్ వాచ్ అల్ట్రా 2022లో వచ్చింది, 40 మీటర్ల వరకు డైవ్ కంప్యూటర్‌గా పనిచేస్తుంది. ఇక ముళ్ల వాచీతో పనేమిటి?

రుషికొండ తీరం:
రెండో కంప్యూటర్ మేలే. కానీ కోర్సులో చేరుతున్న వ్యక్తిని రెండు కంప్యూటర్లు కొనమంటారా? అద్దెకు ఇచ్చే సెట్లలో చాలాచోట్ల గాలి చూపే గేజ్ పక్కనే ముల్లు లోతు మీటరు కూడా ఉంటుంది. దానికి వాచీ తోడైతే 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చే ముందు ఒంట్లోని నత్రజని తగ్గేందుకు ఆగడం) ఏ బ్యాటరీ లేకుండా పూర్తి చేయవచ్చు.

అసలు నా పట్టుదల వేరే ఉంది. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ పట్టికలో 18 మీటర్లకు గరిష్ఠంగా 56 నిమిషాలు, 30 మీటర్లకు 20 నిమిషాలు. ఈ రెండు అంకెలూ తలలో ఉన్న మనిషి వాచీ వైపు చూడగానే తానెక్కడున్నాడో గ్రహిస్తాడు. కంప్యూటర్ నీళ్లలో దిగగానే తనంతట తానే లెక్క మొదలుపెడుతుంది, కొత్తవారు ఆ తెర వైపు చూడటమే మరిచిపోతారు. పడవ అంచున కూర్చుని బెజెల్ తిప్పి, త్రికోణం గుర్తును నిమిషాల ముల్లు ఎదుటికి తెచ్చుకున్న మనిషి మాత్రం ఎప్పుడు దిగాడో, ఎప్పటికి రావాలో మనసులో ఖాయం చేసుకునే దిగుతాడు. కొత్తవారికి ఈ అలవాటు పడాలన్నదే నా కోరిక. దిక్సూచి పట్టుకుని ఒక దిశలో రెండు నిమిషాలు ఈది వెనక్కి తిరిగే అభ్యాసానికి కూడా సెకన్ల ముల్లు ఎంతో హాయి.

ఒక మాట, హీలియం వాల్వు ఉందని ఎక్కువ డబ్బు పెట్టకండి. అది రోజుల తరబడి హీలియం కలిసిన గాలి పీలుస్తూ ఒత్తిడి గదుల్లో ఉండే డైవర్ల కోసం. మన విశాఖలో కట్టి 2025 జులైలో నౌకాదళంలో చేర్చిన నిస్తార్ నౌక మీద చేసే లోతు పనులు అలాంటివి. మనకు దాంతో పని లేదు.

ముత్యపుచిప్ప:
పట్టీ గురించి ఎవరూ చెప్పలేదు. లోతుకు వెళ్లేకొద్దీ వెట్‌సూట్ (డైవర్లు తొడుక్కునే దుస్తులు) రబ్బరు నొక్కుకుపోయి పలచబడుతుంది. పైన బిగుతుగా కట్టిన పట్టీ అక్కడ వదులై, వాచీ మణికట్టు మీద గిర్రున తిరుగుతుంది. చూడాల్సిన వేళకు అద్దం కింది వైపు ఉంటుంది. సాగే రబ్బరు పట్టీ తీసుకోండి. లేదంటే రెండు పిన్నుల మీదుగా ఒకటే గుడ్డ పట్టీ వెళ్లే రకం తీసుకోండి. ఒక పిన్ను విరిగినా వాచీ సముద్రం పాలు కాదు.

తీరంగాలి:
అన్నయ్య దగ్గర పాత 200 మీటర్ల డైవింగ్ వాచీ ఉంది. ఏళ్లుగా సర్వీసు చేయించలేదు. దానితో దిగవచ్చా?

రుషికొండ తీరం:
రింగులు మార్పించి, ఒత్తిడి పరీక్ష చేయించాకే. అద్దాన్ని వెచ్చబరిచి చల్లటి నీటి చుక్క వేసి చూడమనండి. లోపల ఆవిరి పట్టిందంటే తేమ చేరినట్లే. నీళ్లలో కీ ముట్టుకోకండి, పైకి వచ్చాక మంచినీళ్లతో కడగండి. దానితో పాటు అద్దె కంప్యూటర్ తప్పకుండా పెట్టుకోండి. వాచీ ఉంది కదా అని అది మానేయమని నేను చెప్పడం లేదు.

నీలిలోతు:
ఆ చివరి వాక్యం దగ్గర నేనూ ఆగుతాను, మిగతాది ఇప్పటికీ ఒప్పుకోను. తీరంగాలి గారూ, చేతిలో డబ్బు ఉంటే ముందు ముఖానికి సరిపోయే మాస్కు కొనుక్కోండి. పట్టీ పెట్టకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి తీసినా నిలబడితే అది మీది. అద్దె మాస్కులో నీళ్లు కారుతుంటే వాచీ, కంప్యూటర్ రెండూ కనబడవు.