జింప్‌లో తెలుగు అక్షరాల లోపల ఫొటో నింపడం ఎలా?

నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం ఉగాది పోస్టర్ చేస్తున్నాం. "ఉగాది శుభాకాంక్షలు" అక్షరాల లోపల మామిడిపూత ఫొటో కనిపించాలి, చుట్టూ సన్నటి బంగారు గీత రావాలి. రామభద్ర ఫాంట్‌తో జింప్ 2.10లో (ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) చేస్తున్నాను. ఒత్తులు చక్కగా వస్తున్నాయి (ఫొటోషాప్ పాత వెర్షన్లలో సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ పెట్టకపోతే 'క్ష' విడిపోతుంది, అందుకే ఇటు వచ్చాను). ఆల్ఫా టు సెలెక్షన్‌తో అక్షరాల ఆకారాన్ని ఎంచుకుని, దాని బయటి భాగాన్ని దాచే లేయర్ మాస్క్ ఫొటోకి వేస్తే ఫొటో బాగానే నిండుతోంది. కానీ మా పెద్దవాళ్లు ఒక మాట మార్చమంటే మాస్క్ మళ్లీ మొదటినుంచి వేయాల్సిందే. అక్షరాలు ఎప్పుడంటే అప్పుడు మార్చుకునేలా ఫొటో నింపే దారి ఉందా?

ఇంకోటి, బంగారు గీత కోసం సెలెక్షన్‌కి స్ట్రోక్ (అంచు వెంట గీత) ఇస్తే 'శు' కొమ్ము వంపు దగ్గర అంచు గరుకుగా వస్తోంది. టెక్స్ట్‌ను పాత్‌గా (వంపు గీతల రూపంలోకి) మార్చి స్ట్రోక్ ఇస్తే నునుపు వస్తుందా? ఏ3 సైజులో 300 డీపీఐకి ప్రింట్ ఇవ్వాలి. తెలిసినవాళ్లు దయచేసి స్టెప్పులు చెప్పండి.