టూ-స్ట్రోక్ బండి సీజ్ అయింది: హోనింగ్ సరిపోతుందా, బోరింగ్ వేయించాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా దగ్గర పాత టూ-స్ట్రోక్ సింగిల్ సిలిండర్ బండి ఉంది. ఇనుప సిలిండర్, 65 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే రకం. చాలా ఏళ్లు మూలన పడి ఉంటే ఈమధ్యే బయటికి తీశాను. మొన్న ఒకే వేగంతో చాలా దూరం వెళ్లాక పికప్ పడిపోయి, ఇంజన్ సీజ్ అయి (పిస్టన్ బోరులో పట్టేసి), వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ పట్టుకుని పక్కకు తీశాను. చల్లారాక కిక్ దిగింది, స్టార్ట్ కూడా అయింది. కానీ కంప్రెషన్ తగ్గింది. చల్లగా ఉన్నప్పుడు టకటక చప్పుడు వస్తోంది, వేడెక్కితే తగ్గుతోంది. మెకానిక్ ఏమీ విప్పకుండానే బోరింగ్ చేసి (బోరును కోసి పెద్దది చేసి) 0.50 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్ వేద్దామంటున్నాడు. హోనింగ్ (బోరు గోడను సన్నగా సానపట్టడం) చేసి రింగులు మారిస్తే చాలదా?

జవాబు:
వేడెక్కితే తగ్గే చప్పుడు పిస్టన్ స్లాప్ (పిస్టన్ బోరు గోడకు కొట్టుకోవడం). అంటే బోరు అరిగి పిస్టన్ వదులైంది. స్మాల్ ఎండ్ (పిస్టన్ పిన్ దగ్గరి బేరింగ్) పోతే చప్పుడు వేడిలోనూ అలాగే ఉంటుంది. కానీ ఈ చప్పుడుకీ మొన్నటి సీజ్‌కీ కారణం ఒకటే కానక్కర్లేదు, జాగ్రత్త.

బోరింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు సిలిండర్ విప్పి పిస్టన్ బయటికి తీయండి. క్రాంక్‌కేస్ (సిలిండర్ కింద క్రాంక్ తిరిగే గది) నోట్లో గుడ్డ కుక్కడం మర్చిపోకండి, సర్‌క్లిప్ (పిస్టన్ పిన్‌ను పట్టి ఉంచే చిన్న క్లిప్పు) లోపల పడిందంటే ఇంజనంతా విప్పాలి. పిస్టన్‌ని కడగకండి, గీకకండి. గీతలు ఏ వైపు పడ్డాయో చూసి ఇక్కడ రాయండి. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే ఉంటే వేడి ఎక్కువైనట్టు: మిక్స్‌చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) కావడమో, టైమింగ్ అడ్వాన్స్ (ప్లగ్ నిప్పురవ్వ ముందే రావడం) ఎక్కువ కావడమో. ఇన్‌టేక్ వైపు ఉంటే ఆయిల్ అందలేదని అనుమానించాలి. స్టడ్‌ల (సిలిండర్‌ను బిగించే పొడవాటి బోల్టుల) దగ్గర నాలుగు చోట్ల నిలువుగా ఉంటే, ఇంజన్ వేడెక్కకముందే గట్టిగా లాగించినట్టు. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు పెరుగుతుంది కదా, సిలిండర్ ఇంకా చల్లగా ఉండగానే పిస్టన్ ఉబ్బి పట్టేస్తుంది. చుట్టూరా ఉంటే క్లియరెన్స్ (పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఖాళీ) తక్కువైనా అయి ఉండాలి, ఇంజన్ విపరీతంగా వేడెక్కైనా ఉండాలి.

అడిగినవారు:
విప్పాను సార్. గీతలు ఎగ్జాస్ట్ వైపే ఉన్నాయి. అటువైపు పై రింగు గాడిలో ఇరుక్కుపోయింది. ప్లగ్ సుద్దలా తెల్లగా ఉంది. బోరులో వెండి రంగు చారలు కనిపిస్తున్నాయి. కార్బురేటర్ కడిగే బిగించాను, జెట్లు శుభ్రంగానే ఉన్నాయి. పెట్రోల్, ఆయిల్ కొలత కూడా సరిగానే కలిపాను.

జవాబు:
అయితే ఇది లీన్ సీజ్. జెట్లు బాగుండి కూడా లీన్ అయిందంటే గాలి ఎక్కడి నుంచో దొంగచాటుగా వస్తోంది. ఏళ్ల తరబడి నిలిపిన బండిలో నేను మొదట అనుమానించేది క్రాంక్ ఆయిల్ సీళ్లనే (క్రాంక్ రెండు చివరలా గాలి, ఆయిల్ దూరకుండా ఆపే రబ్బరు వలయాలు). రబ్బరు ఎండి గట్టిపడిపోతుంది. గేర్‌బాక్స్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లాగేసి పొగ గుప్పుమంటుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. మాగ్నెటో (కరెంటు పుట్టించే చక్రం) వైపు సీల్ పోతే పొగా లేదు, మరకా లేదు. గాలి లాక్కుంటుంది, మిక్స్‌చర్ పలచనవుతుంది. ఐడిల్ ఎక్కువ తక్కువ అవుతుండటం, థ్రాటిల్ మూసినా ఆర్‌పీఎం వెంటనే దిగకపోవడం దీని లక్షణాలే.

ఊహించడం కంటే పరీక్షించడం మేలు. పాత పిస్టన్‌తోనే సిలిండర్ తిరిగి బిగించండి. పిస్టన్‌ని కిందికి దించి, ప్లగ్ పెట్టి, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ రబ్బరు బిరడాలతో మూసి, చేతిపంపుతో 6 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి ఎక్కించండి. అంతకు మించి వద్దు, సీల్ బయటికి తన్నుకొస్తుంది. నిమిషానికి 1 పీఎస్ఐ కంటే ఎక్కువ పడితే లీకు ఉన్నట్టే. సబ్బు నీళ్లు పూస్తే ఎక్కడో బుడగలే చెబుతాయి. ఇది తేల్చకుండా కొత్త పిస్టన్ వేస్తే అది కూడా ఇలాగే పట్టేస్తుంది. పాయింట్ల (నిప్పురవ్వ ఎప్పుడు రావాలో నడిపే స్విచ్) గ్యాప్, టైమింగ్ కూడా అప్పుడే సరిచూసుకోండి.

మరో సభ్యుడు:
బోరులోని చారలు చూసి భయపడకండి. అది చాలావరకు పిస్టన్ నుంచి అంటుకున్న అల్యూమినియమే. దూదిపుల్లతో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆ చార మీదే రాయండి, నురగ వస్తుంది. నురగ ఆగితే అల్యూమినియం పోయినట్టే, వెంటనే నీళ్లతో కడిగి ఆరబెట్టి ఆయిల్ పూయండి. ఆరుబయట చేయండి, చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఇది ఇనుప బోరుకే. పూత వేసిన అల్యూమినియం సిలిండర్‌కు ఈ వైద్యం పనికిరాదు.

తర్వాత కొలవండి. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట ముందువెనకలకూ పక్కలకూ విడివిడిగా. పిస్టన్ నిక్కచ్చి గుండ్రంగా ఉండదు, స్కర్ట్ (రింగుల కిందనున్న పిస్టన్ గోడ) కిందిభాగంలో పిన్‌కు అడ్డంగానే కొలవాలి.

అడిగినవారు:
మాగ్నెటో వైపు సీల్ దగ్గర బుడగలు వచ్చాయి! చారలు యాసిడ్‌తో పోయాయి, గోటికి తగిలే గీత ఒకటి మిగిలింది. బోరు పైభాగంలో 65.16, కింద 65.03.

జవాబు:
0.13 తేడా ఉంది, పైగా గోటికి తగిలే గీత. హోనింగ్‌తో ఇది తీరదు, బోరింగే వేయించాలి. మీ మెకానిక్ మాట చివరికి సరైనదే, తొందరపడ్డాడంతే. అయితే 0.50 దాకా వెళ్లాలా అన్నది లేత్ దగ్గర తేలుతుంది. 0.25తో గీత పోతుందేమో ముందు చూడమనండి. ఇనుము ఒకసారి కోస్తే తిరిగి రాదు. పిస్టన్ ముందు తెచ్చి, దాన్ని కొలిచి దానికి తగ్గట్టే కోయించండి. మాన్యువల్‌లో క్లియరెన్స్ ఉంటే అదే వేదం. లేకపోతే గాలితో చల్లబడే ఇనుప బోరుకు వ్యాసంలో వెయ్యో వంతు, అంటే మీకు దాదాపు 0.065 మి.మీ. పాత లెక్క. రింగు చివరల గ్యాప్‌కు దాని నాలుగింతలు, 0.26 దగ్గర చూసుకోండి.

బోరింగ్ అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులు వేలికి కోసుకునేంత పదునుగా తయారవుతాయి. వాటిని సన్నగా చాంఫర్ చేయమని (అంచు పదును వాలుగా తీసేయమని) గట్టిగా చెప్పండి. ఇది వదిలేస్తే రింగు పోర్టులో తగులుకుని విరుగుతుంది. సిలిండర్‌ని వేడి నీళ్లు, సబ్బుతో తెల్లగుడ్డకు మసి అంటనంతవరకు కడగండి, పెట్రోల్‌తో తుడిస్తే హోనింగ్ పొడి పోదు. పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపు ఉండాలి, సర్‌క్లిప్‌లు కొత్తవి వేయండి. సీళ్లు రెండు వైపులా ఒకేసారి మార్చేయండి.