ట్రాక్ డేకి పోలోకి వాడేసిన స్లిక్ టైర్లు వేయొచ్చా?

రాయగడ_టీఎస్ఐ:

నమస్తే అందరికీ. మాది రాయగడ. బండి పోలో ఒన్ లీటర్ టీఎస్ఐ, మాన్యువల్ గేర్లు, ఎయిర్ ఫిల్టర్ తప్ప అన్నీ కంపెనీతో వచ్చినవే. నవంబర్‌లో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ట్రాక్ డే (మన సొంత బండిని రేసు ట్రాక్ మీద తిప్పుకునే రోజు) ఉందంటే డబ్బులు కట్టేశాను. ఇప్పుడు అక్కడే ఒకతను రేసుల్లో వాడిన స్లిక్కులు (గాడులు లేని నున్నటి రేసు టైర్లు) నాలుగూ కలిపి పన్నెండు వేలకి ఇస్తానంటున్నాడు. సైజు 200/580 ఆర్15 అట. నా బండికి ఉన్నవి 185/60 ఆర్15. ఆ 580 ఏంటో నాకు అర్థం కావట్లేదు.

ఇంకోటి, ఇవి ఇక్కడికే తెప్పించుకుని, బిగించుకుని, అలాగే నడుపుకుంటూ చెన్నై వెళ్లిపోవచ్చా, లేక అక్కడికెళ్లాకే మార్చుకోవాలా? ముందు కొరాపుట్ ఘాట్‌లో నాలుగు రౌండ్లు వేసి చేయి అలవాటు చేసుకుందామని కూడా ఉంది. మా బావేమో "అందరూ గుండు టైర్లు తీసి పారేస్తారు, నువ్వు డబ్బులిచ్చి కొనుక్కుంటావా" అని ఒకటే నవ్వు. ఆయన నోరు మూయించడానికైనా ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి.

జయపురం_స్పానర్:

తమ్ముడూ, ముందు ఘాట్ సంగతి. ఆ ఆలోచన ఇప్పుడే మానేయ్. మలుపు తిరిగేసరికి ఎదురుగా లోడు లారీ ఉంటుంది, ఆవులుంటాయి, నవంబర్ పొద్దున అయితే మంచుకి ముందున్న రోడ్డే కనపడదు. పైగా స్లిక్ రబ్బరు వేడెక్కితే తప్ప పట్టు ఇవ్వదు, చాలావాటికి ఎనభై తొంభై డిగ్రీలు రావాలి, ఘాట్‌లో నువ్వు పద్ధతిగా నడిపినంతసేపు ఆ వేడి రాదు, వచ్చేలా నడిపావంటే అది నడపడం కాదు. హైవే మీద కూడా అంతే సంగతి. కారు టైరుకి కనీసం 1.6 మిల్లీమీటర్ల గాడి ఉండాలని రూలు, వీటికి గాడే లేదు. ఓడీ (ఒడిశా) నంబర్ బండిని ఆంధ్రాలో ఊరికే ఆపుతారని నీకు నేను చెప్పక్కర్లేదు, గుండు చక్రాలతో కనపడితే ఇంక వాళ్లకి పండగే. అవన్నీ వదిలేసినా దారిలో ఒక్క వాన పడితే చాలు, నీటిని పక్కకి తోసే గాడి లేక బండి నీటి మీద తేలిపోతుంది.

మీ బావకి ఇలా చెప్పు. అరిగిపోయిన టైరులో మిగిలింది గట్టి రబ్బరు, అది వేలకు వేల కిలోమీటర్లు రావాలని చేసినది. స్లిక్ మొత్తం మెత్తటి రబ్బరు, అరగడానికే పుట్టింది. రోడ్డు టైరు మీద గాడుల మధ్య ఉండే దిమ్మలు మలుపులో అటూ ఇటూ వంగుతాయి, ఆ వంగడం వల్లే వేడెక్కి అంచులు ముక్కలుగా లేచిపోతాయి. స్లిక్‌లో దిమ్మలే లేవు, ఆనేది మొత్తం రబ్బరే. ఫార్ములా ఒన్‌లోకి స్లిక్కులు 1971లో వచ్చాయి, తర్వాత మలుపుల్లో వేగం తగ్గించాలని 1998లో కావాలనే టైర్లకి గాడులు కోయించారు, 2008 దాకా అలాగే నడిపించి 2009లో మళ్లీ స్లిక్కులకే వచ్చారు. పొడి రోడ్డు మీద గాడి పట్టు తగ్గిస్తుందనడానికి ఇంతకంటే ఏం కావాలి.

సైజు. రేసు టైర్లకి మొదటి నంబర్ వెడల్పు, రెండోది టైరు మొత్తం ఎత్తు, రెండూ మిల్లీమీటర్లలోనే. నీ 185/60 ఆర్15 లెక్క వేస్తే 603 వస్తుంది. అంటే ఇది 23 మిల్లీమీటర్లు పొట్టి, బండి పదకొండు పన్నెండు మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది, స్పీడోమీటర్ నాలుగు శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది, గేర్లు కాస్త పొట్టి అయినట్టు ఉంటుంది. రిమ్ము రెండిటికీ పదిహేను అంగుళాలే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి వైపు స్ట్రట్‌కి (సస్పెన్షన్ గొట్టానికి) తగులుతుందేమో మాత్రం చూసుకో.

అసలు భయం టైరు గురించి కాదు, ఆయిల్ గురించి. మంచి రోడ్డు టైరు మీద పోలో మలుపులో పక్కకి 0.9 జీ (1 జీ అంటే బండి బరువంత బలం) దాకా లాగుతుంది, స్లిక్ మీద 1.2 దగ్గరికి పోతుంది. 1 జీ దగ్గర సంప్‌లో (ఇంజిన్ కింద ఆయిల్ ఉండే తొట్టిలో) ఆయిల్ మట్టం నలభై ఐదు డిగ్రీలు వాలిపోతుంది, అంటే పొడవాటి మలుపులో ఆయిల్ మొత్తం ఒక గోడకి చేరి, పీల్చుకునే గొట్టం గాలి పీలుస్తుంది. పోలో మీటర్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు లేదు, ఎర్ర లైటు ఒక్కటే ఉంది, అది వెలిగేసరికి బేరింగుల పని అయిపోయి ఉంటుంది. ఇంజిన్ అంత మలుపు తట్టుకోవాలని ఆ సంప్ చేసినవాళ్లు అనుకోలేదు, వాళ్ల తప్పేం లేదు. స్లిక్కులే కావాలంటే లోపల అడ్డగోడలున్న సంప్ వేయించుకో. అదయ్యాక వీల్ బేరింగులు, బాల్ జాయింట్లు, బ్రేకులు అన్నీ వరసలో నిలబడి ఉంటాయి.

గుణుపురం_టర్బో:

స్పానర్ గారు అంతలా భయపెట్టకండి, కుర్రాడు మళ్లీ సీరియళ్లు చూస్తూ ఇంట్లోనే కూర్చుంటాడు 😀 నేను నా స్విఫ్ట్‌కి కోయంబత్తూర్ కరి ట్రాక్‌లో వాడిన స్లిక్కులు వేసి తిప్పాను, ఇంజిన్‌కి ఏమీ కాలేదు, బేరింగ్‌కీ ఏమీ కాలేదు. ఆ పట్టు ఒకసారి రుచి చూస్తే రోడ్డు టైరు మీద నడపాలనిపించదు. బ్రేకు ఎంత ఆలస్యంగా కొట్టినా బండి ఆగుతుంది. పన్నెండు వేలకి నాలుగంటే ఊరికే ఇచ్చినట్టే, కొనేయ్ తమ్ముడూ, ఆయిల్ మ్యాక్స్ గీత దాకా నింపుకుని వెళ్లు.

జయపురం_స్పానర్:

కరి రెండు కిలోమీటర్ల చిల్లర ట్రాక్ టర్బో గారు, చాలా మలుపులు పొట్టివి, ఆయిల్ ఒక పక్కకి చేరేలోపే బండి రెండో పక్కకి తిరుగుతుంది. చెన్నైది 3.7 కిలోమీటర్లు, వేగంగా పోయే పొడవాటి మలుపులున్నాయి. అక్కడ మీ స్విఫ్ట్ తిప్పి రండి, అప్పుడు మాట్లాడుకుందాం. అన్నట్టు బ్రేకు ఆలస్యంగా కొట్టినా ఆగిందన్నారు కదా, పట్టు పెరిగిన కొద్దీ డిస్కుల మీద పడే వేడి కూడా పెరుగుతుంది. డాట్ 4 బ్రేకు ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, తేమ పీల్చుకున్నాక 155కే మరగొచ్చు. మన వైపు వానాకాలం దాటిన ఫ్లూయిడ్ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. మరిగితే ఆవిరి బుడగలు చేరి పెడల్ నేలకి అంటుకుంటుంది, అప్పుడు స్లిక్ ఉన్నా లాభం లేదు, గుళ్లో దేవుడే దిక్కు.

బరంపురం_పిట్‌లేన్:

కాస్త ఆలస్యంగా చూశాను. నేను రేసు టీమ్ దగ్గర టైర్లు మోసినవాణ్ని, అందుకే రెండు మూడు విషయాలు చెప్తాను.

ఆ టైర్లు ఏ బండి మీద నుంచి దించారో ముందు అడుగు. ఫార్ములా బండివైతే ముట్టుకోకు. ఆ బండ్లు ఐదారు వందల కిలోలు ఉంటాయి, నీ పోలో టన్ను పైన, అందులోనూ బరువంతా ముందు. పక్క గోడ అంత బరువుకి చేసినది కాదు, మలుపులో మడతపడిపోతుంది. టూరింగ్ కారువి, పోలో లాంటి వాటివే అయితే పర్వాలేదు.

రెండోది వయసు. స్లిక్ ప్రతిసారీ వేడెక్కి చల్లారిన కొద్దీ గట్టిపడుతుంది. పైకి చూస్తే రబ్బరు బోలెడు ఉంటుంది, మీద చిన్న చిన్న గుంటలుంటాయి కదా, అవి లోతుగా ఉంటే ఎంత రబ్బరు మిగిలిందో తెలుస్తుంది, కానీ ఎంత పట్టు మిగిలిందో తెలియదు. బొటనవేలి గోరు గుచ్చి చూడు, గుర్తు పడకపోతే అది ప్లాస్టిక్ బకెట్టే. అమ్మేవాళ్లు ఇలాంటివే చౌకగా ఇస్తారు, మంచివైతే టీములే ప్రాక్టీసుకి వాడుకుంటాయి.

మూడోది క్యాంబర్, అంటే ముందు నుంచి చూస్తే చక్రం ఎంత వాలి ఉందో అది. నీ ముందు చక్రాలు దాదాపు నిలువుగా నిలబడి ఉంటాయి, ఫ్యాక్టరీ నుంచి పెద్దగా సర్దుబాటు లేదు. స్లిక్కులకి మైనస్ రెండున్నర, మూడు డిగ్రీలు కావాలి, అంటే చక్రం పైభాగం లోపలికి వాలాలి. లేకపోతే బండి వాలినప్పుడు టైరు బయటి భుజం ఒక్కటే రోడ్డుని పట్టుకుంటుంది, మధ్యాహ్నానికి ఆ భుజం దారాలు కనపడతాయి, మిగతా టైరు కొత్తదానిలా ఉంటుంది. ముందువి రెండూ అలా పారేయడం నేను చాలాసార్లు చూశాను.

గాలి: చల్లగా ఉన్నప్పుడు 24 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, ట్రాక్ దిగగానే పిట్‌లోనే కొలువు, 30 దాటితే తీసేయ్. మొదటి రెండు రౌండ్లు మెల్లగానే. రోడ్డు టైరు కేకలు పెట్టి చెప్పి మరీ జారుతుంది, స్లిక్ అలా చెప్పదు, వదిలేస్తే వదిలేసినట్టే. నేర్చుకునేవాడికి ఇదే పెద్ద ఇబ్బంది. దిగాక ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన బండ్లు నిలిపే చోట) నడిపితే వేడి రబ్బరుకి గులకరాళ్లు, ఎవరో వదిలిన రబ్బరు ముక్కలు అతుక్కుంటాయి. అవి గీకకుండా మళ్లీ ట్రాక్ ఎక్కితే స్టీరింగ్ ఊగిపోతుంది, టైరు పోయిందేమో అని గుండె ఆగినంత పనవుతుంది. హీట్ గన్, పెయింటర్లు వాడే రేకు పట్టి దగ్గరుంచుకోవాలి.

ఇంకో మాట, నువ్వు ఒడిశా లెక్కలో నవంబర్ అంటే ఎండ అనుకుంటున్నావు. చెన్నైలో అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఆ రోజు వాన పడితే స్లిక్కులు కట్టుకుని కూర్చుని పకోడీ తినాలి. రోడ్డు టైర్లు ఉన్న సెట్టు దగ్గరుండాల్సిందే. కాబట్టి నీ పన్నెండు వేలు ఫ్లూయిడ్‌కీ, ముందు బ్రేకు ప్యాడ్లకీ పెట్టు, ఉన్న టైర్ల మీద తిరుగు, ఇంకా మిగిలితే మంచి రోడ్డు టైర్లకి దాచుకో. ట్రెడ్‌వేర్ నంబర్ (టైరు ఎంత త్వరగా అరుగుతుందో చెప్పేది) 200 అని పక్కన రాసి ఉన్నవి చూడు, వాటితో నడుపుకుంటూ వెళ్లి నడుపుకుంటూ రావచ్చు.

గుణుపురం_టర్బో:

పకోడీ మాట మాత్రం ఒప్పుకుంటాను. వాన పడితే స్లిక్కులతో పిట్ లేన్ దాటడం కూడా కష్టమే.

రాయగడ_టీఎస్ఐ:

అందరికీ థాంక్స్. ఘాట్ మానేశాను, ఇంట్లో తెలిసి అమ్మ కూడా తిట్టింది. ఇన్సూరెన్స్ కాగితం తీసి చూశాను, రేసులకీ స్పీడ్ టెస్టింగ్‌కీ వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది, ట్రాక్ డే కూడా అందులోకే వస్తుందంటారా? అమ్మేవాడిని టైరు పక్క గోడ ఫొటో పంపమన్నాను. నాలుగు అంకెల నంబర్ ఒకటి ఉంది, 3117. ఏ బండివో అడిగితే "కారువే సార్" అంటున్నాడు అంతే. పోలో చక్రం బోల్టు ఎంత బిగించాలి, టార్క్ రెంచ్ కొనమంటారా?

బరంపురం_పిట్‌లేన్:

120 న్యూటన్ మీటర్లు. రెంచ్ కొను, ట్రాక్ నుంచి దిగి చక్రం చల్లారాక మళ్లీ ఒకసారి చూసుకో. ఇన్సూరెన్స్ వాళ్లు ట్రాక్ డేని కూడా అలాగే చూస్తారని అనుకునే వెళ్లు, బండికి దెబ్బ తగిలితే ఖర్చు నీదే. 3117 అంటే 2017లో 31వ వారం తయారు. "కారువే సార్" అన్నవాడికి ఏ కారో తెలియదన్నమాట. పన్నెండు వేలు కాదు, ఊరికే ఇచ్చినా తెచ్చుకోకు, మీ పెరట్లో పిల్లలకి ఊయల కట్టే ఉద్దేశం ఉంటే తప్ప. ఏ కంపెనీ ప్యాడ్లు చూస్తున్నావో ఇక్కడ పెట్టు, అందులో మోసం ఇంకా ఎక్కువ.