మింకోవ్‌స్కీ ప్రమేయాన్ని పదే పదే ప్రయోగించినా అది సింగ్యులర్‌గానే ఉంటుందా?

గణితాభిమాని:
గణితవేత్త మింకోవ్‌స్కీ 1904లో ప్రవేశపెట్టి, ప్రశ్నార్థకంతో సూచించిన ప్రమేయాన్ని ఇక్కడ ‘మి’ అంటాను. 0కీ 1కీ మధ్య ఉన్న సంఖ్యను కంటిన్యూడ్ ఫ్రాక్షన్‌గా, అంటే 1/(అ + 1/(ఆ + …)) రూపంలో విప్పి, అందులో వచ్చిన అ, ఆ వంటి పూర్ణసంఖ్యలను, అంటే భాగఫలాలను, బైనరీ విస్తరణలో సున్నాల గుంపు, ఒకట్ల గుంపు, మళ్లీ సున్నాల గుంపు అనే వరుసకు పొడవులుగా పెడితే (మొదటి గుంపులో మాత్రం ఒకటి తగ్గించి) మి విలువ వస్తుంది. ఈ ప్రమేయం అవిచ్ఛిన్నం, ఎక్కడా ఆగని ఆరోహణం, అయినా దాదాపు ప్రతి చోటా దీని అవకలజం (మార్పు రేటు) సున్నా; ఇలాంటి ప్రమేయాన్నే సింగ్యులర్ అంటారు. సంయుక్త ప్రమేయపు అవకలజం రెండు మెట్ల అవకలజాల లబ్ధమని గొలుసు సూత్రం చెబుతుంది. కనుక ‘క’ అనే సంఖ్యకు మిని రెండుసార్లు ప్రయోగిస్తే వచ్చే మి(మి(క))కు కూడా అవకలజం దాదాపు ప్రతి చోటా సున్నాయే. ఇందులో వివాదం ఎక్కడుందో నాకు తోచడం లేదు.

అనంతశ్రేణి:
మీ ఫలితంతో నాకు పేచీ లేదు, మీరు నడిచిన దారితోనే ఉంది. గొలుసు సూత్రం వాడాలంటే మి(క) వద్ద కూడా మికి పరిమితమైన అవకలజం ఉండాలి. అయితే మి అవకలజం సున్నా అయ్యే బిందువులన్నిటినీ మి తీసుకువెళ్లి కొలత (మొత్తం పొడవు) సున్నా ఉన్న సమితిలో పడేస్తుంది. ‘దాదాపు ప్రతి చోటా’ అన్న మాట సరిగ్గా అలాంటి సమితి గురించే ఏమీ చెప్పదు. మీ తర్కం చెల్లేటట్లయితే ఏ రెండు సింగ్యులర్ ఆరోహణ ప్రమేయాల సంయుక్తమైనా సింగ్యులర్ కావాలి. మి విలోమం కూడా సింగ్యులరే, అయినా మినీ దాని విలోమాన్నీ కలిపితే ఇచ్చిన సంఖ్యనే తిరిగి ఇచ్చే తత్సమ ప్రమేయం వస్తుంది, దాని అవకలజం అంతటా 1.

గణితాభిమాని:
ఒప్పుకుంటున్నాను, కానీ విలోమం పునరావృతి కాదు. భాగఫలాలన్నీ 1గా ఉన్న సంఖ్యను, అంటే సుమారు 0.618ను తీసుకుని లెక్క వేసి చూశాను. దాని మి విలువ 2/3. ఆపైన వరుసగా 3/4, 7/8, 127/128 వచ్చాయి. మొదటి మెట్టులో మి అవకలజం అనంతం, రెండో మెట్టులో 2/3 వద్ద సున్నా. అనంతాన్ని సున్నాతో గుణించమంటే గొలుసు సూత్రం మౌనం వహిస్తుందని నాకు అప్పుడే అర్థమైంది. అయితే అకరణీయ సంఖ్యల వద్ద మి ఎంత చదునుగా ఉంటుందంటే, 2/3 నుంచి దూరం తగ్గేకొద్దీ మి విలువల తేడా ఘాతాంక వేగంతో కుంచించుకుపోతుంది. అందువల్ల ఇక్కడ సున్నాదే పైచేయి. దాదాపు ప్రతి సంఖ్యకూ ఇలాగే జరుగుతుందని చూపగలరా?

అనంతశ్రేణి:
చూపవచ్చు. ఈ ప్రశ్నలో నాకు అత్యంత ప్రియమైన భాగం కూడా ఇదే. భాగఫలాలు ఎంత తరచుగా ఏ విలువ తీసుకుంటాయో చెప్పే గౌస్-కుజ్‌మిన్ సూత్రం ప్రకారం ఒక భాగఫలం పెద్ద సంఖ్య ‘న’ను దాటే అవకాశం సుమారు 1.44/న. మొదటి ‘న’ భాగఫలాల మొత్తం సాధారణంగా నకు, న లాగరిథమ్‌కు గల లబ్ధం స్థాయిలో ఉంటుంది. ఆ లబ్ధాల విలోమాల శ్రేణి అపసరిస్తుంది, అంటే దాని మొత్తం హద్దు లేకుండా పెరుగుతుంది. కనుక దాదాపు ప్రతి సంఖ్య విస్తరణలోనూ, అప్పటిదాకా వచ్చిన వాటి మొత్తానికి నాలుగు రెట్లు మించిన భాగఫలం అనంతంగా ఎన్నోసార్లు ఎదురవుతుంది. బైనరీలో అది ఒకే అంకెతో నిండిన చాలా పొడవైన గుంపు అవుతుంది కాబట్టి, మి(క) ఒక అకరణీయ సంఖ్యకు అసాధారణంగా దగ్గరగా వస్తుంది. ఆ సంఖ్య హారం ‘హ’ అయితే, మి(క) విస్తరణలో ఇంచుమించు హ వర్గమంత, లేదా అంతకంటే పెద్ద, భాగఫలం ఉంటుంది. అక్కడ మికి మీరు 2/3 వద్ద చూసిన చదునుతనమే ఉంటుంది. మి అవకలజం క వద్ద ముందే సున్నా కాబట్టి, ఆ చిన్న అంతరాల మీద రెండు మెట్ల నిష్పత్తుల లబ్ధం సున్నాకు పోతుంది. ఆరోహణ ప్రమేయానికి దాదాపు ప్రతి చోటా అవకలజం ఉంటుందని తెలిసిందే గనుక, ఆ అవకలజం సున్నా కాక తప్పదు.

గణితాభిమాని:
మూడో పునరావృతికి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా?

అనంతశ్రేణి:
అక్కర్లేదు. హారం హ ఉన్న అకరణీయ సంఖ్య భాగఫలాల మొత్తం హను మించదు, తర్వాత వచ్చే భాగఫలమేమో హ వర్గం స్థాయిది. అంటే ‘ముందున్న మొత్తానికి నాలుగు రెట్లు’ అన్న షరతు మి(క)కు కూడా తనంతట తానే నెరవేరుతుంది, అదే వాదన ప్రతి మెట్టుకూ సాగుతుంది. ఇదంతా భాగఫలాల స్వభావం వల్ల జరిగిందే తప్ప, సింగ్యులర్ అన్న ఒక్క గుణం వల్ల కాదు.