మలావీకి సేవకు వెళ్తున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

తెనాలి కుటుంబం: అందరికీ వందనాలు. జనవరిలో మాంగోచి దగ్గర సరస్సు ఒడ్డున ఒక ఊరికి పరిచర్యకు వెళ్తున్నాం. నేను, మావారు, ఏడేళ్ల పాప. మలేరియాకి ఏం చేయాలి? పాప బడి సంగతేంటి? ఇక్కడి సంఘం పంపే డబ్బు ఎలా దాచుకోవాలి? చిచేవా భాష ఎన్నాళ్లకు వస్తుంది? చింతపండు ఎంత పెట్టుకోవాలి?

లిలోంగ్వే వదిన: మిగతావి తర్వాత, ముందు ఇస్త్రీ గురించి వినండి. మీరు దిగేది వానాకాలంలో. పుట్జి ఈగ ఆరేసిన తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది. ఇస్త్రీ వేడి తగలకుండా తొడుక్కుంటే వాటిలోంచి వచ్చిన పురుగు చర్మంలోకి దూరుతుంది. మా చిన్నోడి వీపు మీద సెగ్గడ్డలు లేచాయని వేడి కాపడం పెట్టాను. మూడో రోజు ఆ గడ్డ మధ్యలో సన్నని రంధ్రం, అందులో ఏదో కదులుతోంది! పక్కింటావిడ వచ్చి వాజలైన్ దట్టంగా రాసింది. గాలాడక పురుగు పైకి వస్తే మెల్లగా నొక్కి తీసింది. ఆ రోజు తొమ్మిది తీశాం. లోదుస్తులు, దుప్పట్లతో సహా అన్నీ ఇస్త్రీ చేయాల్సిందే. కరెంటును నమ్ముకోవద్దు, బొగ్గుల ఇస్త్రీ పెట్టె కొనుక్కోండి.

జాంబేజీ అన్న: సిస్టర్, డబ్బంతా ఒకేసారి అక్కడి డబ్బు క్వాచాల్లోకి మార్చకండి. 2023 నవంబరులో డాలరు 1,180 క్వాచాల నుంచి ఒక్కసారిగా 1,700కి పోయింది. అంతకు వారం ముందే మూడు నెలల ఖర్చు మార్చి పెట్టుకున్నాను. నెల తిరక్కుండానే చేతిలో ఏమీ మిగల్లేదు. సరస్సు పక్కనే కాబట్టి మీకు బాప్తిస్మాలకు ఇబ్బంది లేదు. మేం ఒక్క ఆదివారమే 31 మందికి ఆ నీళ్లలోనే ఇచ్చాం.

నర్సమ్మ: అన్నా, ఆ 31 మందికీ తర్వాత మాత్రలు ఇచ్చారా? ఆ సరస్సు ఒడ్డు నీళ్లలో బిల్హార్జియా అనే పురుగు జబ్బు ఉంది.

శుభవార్త 77: బైబిల్లో కుష్ఠు పట్టిన నామాను యొర్దాను నదిలో ఏడుసార్లు మునిగి బాగుపడ్డాడు. దేవుని పనికి వెళ్తూ నీళ్లకు భయపడడమేంటి? కొత్తగా వెళ్లేవాళ్లను బెదరగొట్టకండి.

నర్సమ్మ: బెదరగొట్టడం కాదు బ్రదర్. మావారికి మూత్రంలో రక్తం పడితే రాయి అనుకుని ఐదు నెలలు తిరిగాం. నేను 14 ఏళ్లుగా నర్సుని, అయినా నాకే తట్టలేదు. నీటి నత్తల్లోంచి కంటికి ఆనని పురుగు వస్తుంది, నిమిషాల్లో చర్మంలోంచి దూరిపోతుంది.

జాంబేజీ అన్న: బయటికి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడుచుకుంటే చాలు. తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను, నాకేం కాలేదు.

నర్సమ్మ: పరీక్ష చేయించుకున్నారా? తువ్వాలును నమ్మడానికి లేదు. దానికి వేసే ప్రాజిక్వాంటెల్ మాత్ర కూడా ముదిరిన పురుగులనే చంపుతుంది, అందుకే నీళ్లలో దిగిన ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత వేసుకోవాలి. ఒక సిమెంటు తొట్టి కట్టి, నత్తలు రాకుండా నీళ్లు రెండు రోజులు నిల్వ ఉంచితే ఆ పురుగు చచ్చిపోతుంది. అందులో ఇవ్వండి బాప్తిస్మం.

శుభవార్త 77: పారే నీళ్లు వదిలి తొట్టిలోనా? మా పెద్దలు కృష్ణలోనే ఇచ్చారు, వాళ్లకు ఏమైంది?

నర్సమ్మ: కృష్ణలో ఈ జబ్బు లేదు! మీరు అక్కడికి వెళ్లని మనిషి. మీ మాట విని ఆ ఏడేళ్ల పాప నీళ్లలో దిగితే బాధ్యత ఎవరిది?

పాత సంగతులు: నేను మిషన్ చరిత్ర 20 ఏళ్లుగా చదువుతున్నాను, కాబట్టి చెప్తున్నాను. 1875లో స్కాట్లాండ్ మిషనరీలు దిగిన కేప్ మక్లియర్ మాంగోచి జిల్లాలోనే ఉంది. మలేరియాతో మనుషులు పోతుంటే 1881లో బండావేకి, 1894లో కొండ మీది ఖోండోవేకి మకాం మార్చారు. వాళ్లది విశ్వాసం లేకపోవడం అంటారా? మన నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు 1903లోనే దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లారు.

ఏలూరు తమ్ముడు: రంగయ్య గారు వెళ్లింది తోటల్లో పనిచేసే తెలుగు కూలీల మధ్యకు, తెలుగులోనే ప్రసంగించారు. వీళ్లకు ఆ వీలు లేదు కదా. అక్కా, మాంగోచిలో ఎక్కువమంది యావో తెగవాళ్లు, వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఇళ్లలో మాట్లాడేది చియావో. చిచేవాతో బజారులో పని జరుగుతుంది కానీ, ఇంట్లో కూర్చుని నాలుగు మాటలు కలపాలంటే చియావో రావాలి. నేను రెండేళ్లు చిచేవా ఒక్కటే నేర్చుకుని తప్పు చేశాను. ఇంకోటి, పలకరింపు పూర్తిగా కానివ్వకుండా పని సంగతి ఎత్తకండి. పల్లెల్లో ఆడవాళ్లు పెద్దవాళ్లను మోకాళ్ల మీద కూర్చుని పలకరిస్తారు. మా ఆవిడ నిలబడే మాట్లాడిందని చాలా రోజులు దూరం పెట్టారు.

జాంబేజీ అన్న: నర్సమ్మా, పోయిన వారం పరీక్ష చేయించాను. ఉందన్నారు. ఆ 31 మందినీ వెతికి మాత్రలు ఇప్పించాలి. ఇద్దరు మొజాంబిక్ వెళ్లిపోయారు.

నర్సమ్మ: అన్నా, ఒక్కొక్కరి బరువు రాసి పంపండి, మోతాదు లెక్క కట్టి ఇస్తాను. అక్కడి క్లినిక్ వాళ్లకు చూపించి వేయించండి.

తెనాలి కుటుంబం: అందరికీ వందనాలు. తొట్టి కట్టిస్తాం. కానీ పాప బడి గురించి ఎవరూ చెప్పలేదు. దోమల గురించి కూడా.

నర్సమ్మ: దోమతెరలో పడుకోండి. జ్వరం వస్తే అదే రోజు రక్త పరీక్ష, తెల్లారేదాకా ఆగొద్దు. మాత్రలు పాప బరువును బట్టి డాక్టరునే అడగండి.

లిలోంగ్వే వదిన: బడి గురించి రాయాలంటే చేతులు రావడం లేదమ్మా, అందుకే ఊరుకున్నాను. మా పెద్దోణ్ణి ఎనిమిదో ఏట హాస్టల్లో వేశాం. ఆదివారం ఫోన్ చేస్తే వార్డెన్ పక్కనే ఉండేది, వాడు ఇంగ్లీషులో బాగున్నా అనేవాడు. ఏడాదికి తెలుగులో ఏడవడం కూడా మానేశాడు. చిన్నోణ్ణి ఇంట్లోనే చదివించాను. మీకు ఓపిక ఉన్నన్నాళ్లు పాపను దగ్గరే ఉంచుకోండి, నాలుగు తరగతుల తెలుగు వాచకాలు పెట్టుకోండి. వాటికి పెట్టెలో చోటు కావాలంటే చింతపండు తగ్గించండి. సరస్సు పక్క చెట్లకే కాస్తుంది, బజారులో బ్వెంబా అని అడగండి.